ఫైబరు బోటుకు రంగు కన్న రుద్దుడే ముఖ్యం

ఏప్రిల్ 15 వచ్చిందంటే తూర్పు తీరంలో మరబోట్లు, మోటారు బోట్లు ఒడ్డుకు చేరవలసిందే. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. అంతకుముందు తక్కువగా వున్న ఈ గడువును 2015లో 61 రోజులకు పెంచారు. ఈ రెండు నెలలూ వలకు సెలవే గాని చేతులకు సెలవు లేదు. ఉప్పాడ, కాకినాడ, భైరవపాలెం, బలుసుతిప్ప, అంతర్వేది, నరసాపురం. గోదావరి డెల్టా తీరమంతటా బోట్ల మరమ్మతులకు, కొత్త బోట్ల తయారీకి ఇదే అదను. వలలు బాగుచేసేవారు ఒకవైపు, ఇంజన్లు విప్పేవారు మరొకవైపు, ఫైబరు బోట్లను రుద్దేవారు ఇంకొకవైపు కనిపిస్తారు.

వీటిలో అందరికీ చులకనగా కనిపించేది ఈ రుద్దే పనే. బోటు పోత పోసిన మేస్త్రికి పేరు వస్తుంది. అణియం మీద పేరు రాసి పూలు దిద్దిన పెయింటరుకు మెప్పు వస్తుంది. మధ్యలో వారాల తరబడి ఒళ్లంతా తెల్లని దుమ్ముతో గరుకు కాగితం పట్టుకొని రుద్దినవాని కష్టం రంగు కింద పడి మాయమవుతుంది. అయితే ఆ బోటు నాలుగు కాలాలపాటు మన్నుతుందా, రెండో ఏటికే బొబ్బలెక్కి పొరలు వూడుతుందా అన్నది తేలేది ఆ కష్టంలోనే. ముఖ్యంగా యార్డుకు కూలి ఇచ్చుకోలేక ఇంటి పక్క తాటాకు పాకలో సొంతంగా బోటు చేసుకునే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవలసి వుంది.

కొయ్య నుంచి ఫైబరుకు

పడవలు కట్టడం ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. గౌతమి పాయ పక్కనున్న కోరంగి ఒకనాడు పేరుపడిన ఓడరేవు. తాళ్లరేవు, కోరంగి వడ్రంగులు సముద్రం మీద తిరిగే తెరచాప ఓడలు కట్టారు. ఈ రేవు పేరు మీదుగానే బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచేవారు. 1789, 1839 సంవత్సరాల తుపానుల్లో కోరంగి దారుణంగా దెబ్బతిన్నా, వడ్రంగుల చేతిపని మాత్రం చావలేదు. పలకల నావలు ఈ తీరంలో నిన్నమొన్నటి వరకు వాళ్లు కట్టినవే.

కొయ్య నావకు ఏటేటా సేవ తప్పదు. పలకల సందుల్లో పత్తి కుక్కి గుగ్గిలం, నూనె పట్టించాలి. పురుగు తొలిచిన పలక మార్చాలి. మంచి కలప ధర పెరుగుతూ వచ్చింది. ఈ పరిస్థితుల్లో గాజు పీచు, రెజిన్ కలిపి చేసే ఫైబరు బోటు మత్స్యకారుల కంట పడింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమం అలల్లోంచి నేరుగా ఇసుక ఒడ్డుకు చేరే బోట్లను ఫైబరుతో చేయించి ఆంధ్ర తీరంలోనూ పరీక్షించింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కొయ్య పడవకు ఫైబరు పొర తొడిగే పద్ధతిపై పనిచేసింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత ఫైబరు బోట్ల వాడకం మరింత పెరిగింది.

ఫైబరును పురుగు తొలవదు, కుళ్లదు. దానితో 'ఫైబరుకు ఏ సేవా అక్కర్లేదు' అన్న అపోహ కూడా వచ్చిపడింది. ఇది నిజం కాదు. ఫైబరుకు పురుగు శత్రువు కాదు గాని నీరు శత్రువే.

బొబ్బలు ఎందుకు లేస్తాయి?

ఫైబరు బోటు గోడ అంటే గాజు పీచు మ్యాటు పొరలను రెజిన్‌తో తడిపి గట్టిపరచిన పలక. పీచు బలాన్నిస్తుంది, రెజిన్ దాన్ని పట్టి వుంచుతుంది. పైపొర చెక్కుచెదరకుండా వున్నంత కాలం నీరు అంత తేలికగా లోపలికి పోదు. కాని ఎక్కడైనా పీచు బయటపడి వున్నా, సూదిమొన రంధ్రాలు మూయకుండా వదిలినా, వత్తి నూనెను పీల్చినట్లు ఆ పీచు నీటిని లోపలికి లాగుతుంది. లోపల సరిగా గట్టిపడని రెజిన్‌లోని పదార్థాలను ఆ నీరు కరిగించి ఇంకా నీటిని లాగుతుంది. ఒత్తిడి పెరిగి పైపొర బొబ్బలా లేస్తుంది. బొబ్బ చితికితే పుల్లని వాసనతో ద్రవం వస్తుంది. అప్పటికే నష్టం జరిగిపోయినట్లే.

రంగు ఈ పని ఆపలేదు. మామూలు రంగు పలుచని పొర మాత్రమే. దాని కింద వున్నది గట్టిగా, శుభ్రంగా, రంధ్రాలు లేకుండా వుంటేనే రంగు నిలుస్తుంది.

అచ్చును బట్టి పని

ఫైబరు బోట్లు ప్రధానంగా రెండు విధాలుగా తయారవుతాయి. తొట్టిలాంటి అచ్చు లోపల పోత పోసేది మొదటిది. అచ్చు నునుపు బోటు పైభాగానికి వస్తుంది కనుక రుద్దుడు తక్కువ. అయితే అచ్చుకు అంటుకోకుండా పూసిన మైనం బోటు మీదకు వస్తుంది. అది వుండగా రంగు వేస్తే పొరలుగా వూడిపోతుంది.

పాత నావనో, చెక్కలతో చేసిన బొమ్మనో బోర్లించి దాని మీద పీచు పరచి పోసేది రెండోది. సొంతంగా చేసుకునేవారికి ఇది చౌక. కాని నునుపు లోపలివైపు వుండి, గరుకు బయటికి వస్తుంది. మ్యాటు అంచులు గట్లు కట్టి, రెజిన్ జారి కన్నీటి చారల్లా గడ్డకట్టి కనిపిస్తుంది. కొయ్య నావకు ఫైబరు తొడిగించినా ఇదే పరిస్థితి. అసలు రుద్దుడు పని పడేది ఈ రెండో రకానికే. కొయ్యకు తొడిగేటప్పుడు కలప బాగా ఆరి వుండాలన్నది మరువరాదు. తడి కొయ్య మీద ఫైబరు పట్టు నిలవదు.

ముందు తట్టి చూడాలి

గరుకు కాగితం చేత పట్టే ముందు బోటంతా రూపాయి బిళ్లతో తట్టుకుంటూ పోవాలి. గట్టిగా వున్నచోట ఖంగుమంటుంది. పొరల మధ్య గాలి చేరినచోట బోలు చప్పుడు వస్తుంది. అలాంటి చోట్ల సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆ భాగాన్ని గట్టి పొర తగిలేవరకు అంచులు ఏటవాలుగా చెక్కి, తిరిగి మ్యాటు, రెజిన్ వేయాలి. ఇక్కడ లప్పం పెట్టి మూయడం మోసం. లప్పం పల్లం నింపుతుందే గాని బలం ఇవ్వదు.

తర్వాత కడుగుడు. సముద్రపు గాలికి రాత్రికి రాత్రే బోటు మీద ఉప్పు పేరుకుంటుంది. అచ్చు మైనం, చేతి జిడ్డు, ఇంజను నూనె వుండనే వుంటాయి. ఇవి తీయకుండా రుద్దితే గీతల్లోకి దిగి కూర్చుంటాయి. మైనాన్ని తగిన ద్రావకంతో, శుభ్రమైన గుడ్డలు తరచు మారుస్తూ తుడవాలి. ఆపైన సబ్బు నీటితో, చివరికి మంచినీటితో కడగాలి. కడిగిన తర్వాత నీరు సమంగా పరచుకుంటే శుభ్రమైనట్లు. తామరాకు మీద నీటిలా బొట్లు బొట్లుగా విడిపోతే మైనం ఇంకా వున్నట్లే.

డెల్టా చివరి గ్రామాలకు ఇక్కడే ఒక చిక్కు వుంది. వేసవిలో గోదావరి కాలువలు కట్టివేసే రోజులు, బోటు కడగవలసిన రోజులు ఒకటే. బోరు వేస్తే ఉప్పునీరు పడే చోట మంచినీరు తాగడానికే కటకట. ఉప్పునీటితో కడిగితే కడగనట్లే. అందుచేత కాలువలు కట్టకముందే పీపాల్లో నీరు పట్టి వుంచుకోవడం ముందుచూపు.

ఎత్తు చెక్కరాదు, పల్లం నింపాలి

బోటు ఒంపు సమంగా వున్నదీ లేనిదీ కంటికి ఒక పట్టాన తెలియదు. సన్నని, వంగే బద్దను బోటు ఒంపు వెంట ఆనించి చూస్తే ఎక్కడ సందు పడిందో, ఎక్కడ ఎత్తు తన్నుతున్నదో తెలుస్తుంది. కళ్లు మూసుకొని అరచేత్తో నిమిరితే కంటికి కనబడని ఎత్తుపల్లాలు చేతికి దొరుకుతాయి. సాయంత్రం పొద్దు వాలాక టార్చిలైటును బోటుకు ఆనించి పక్కవాటుగా వేస్తే పల్లాలన్నీ నీడలై బయటపడతాయి.

సొంతంగా చేసుకునేవారు చేసే పెద్ద పొరపాటు, ఎత్తు కనబడగానే గ్రైండరు పెట్టి చెక్కడం. అక్కడ చెక్కేది గట్టును కాదు, బోటు బలాన్ని. గాజు పీచు తెల్లగా బయటపడిందంటే అంత మేర గోడ పలుచబడినట్లే. జారి గడ్డకట్టిన రెజిన్ చారలు, పైకి లేచిన పీచు ముళ్లు తప్ప మిగతా ఎత్తులను అలాగే వుంచి, వాటి చుట్టూ వున్న పల్లాలను నింపుకుంటూ రావాలి. నింపి రుద్దు, చూసి మళ్లీ నింపు. ఈ పనికి అడ్డదారి లేదు.

రుద్దడానికి చిన్న చెక్క పనికిరాదు. చిన్న చెక్క పల్లంలోకి దిగి పల్లాన్నే ఇంకా రుద్దుతుంది. రెండు, మూడడుగుల పొడవున, అరచేతి వెడల్పున, బోటు ఒంపుకు వంగేలా పలుచని ప్లైవుడ్డు చెక్క తీసుకొని రెండు చివర్ల పిడులు బిగించి, కింద గరుకు కాగితం అంటించుకోవాలి. ఒకే దిక్కుకు లాగక, ముగ్గు గీతల్లా ఒకదానికొకటి అడ్డంగా ఏటవాలుగా రుద్దాలి. అప్పుడు చెక్క ఎత్తుల మీదే ఆని, పల్లాలను వదిలేస్తుంది. రుద్దేముందు నల్లరంగును పలుచగా చల్లి ఆరనిస్తే ఇంకా సులువు. రెండుసార్లు రుద్దాక నలుపు ఎక్కడ మిగిలిందో అక్కడ పల్లం వున్నదన్నమాట.

కాగితం నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. మొదటి మోటు పనికి 40, 60 నంబర్లు, తర్వాత 80, చివర 120 వాడి ప్రైమరుకు సిద్ధం చేస్తారు. ప్రైమరు మీద 220 చాలు. మధ్యలో ఒక మెట్టు దాటవేస్తే మోటు గీతలు రంగు ఎండాక బయటపడి వెక్కిరిస్తాయి.

లప్పంలోనే కిటుకు

రెజిన్‌లో టాల్కు పొడి కలిపి లప్పం చేసుకోవడం మామూలు. ఇది చౌకే గాని గట్టిపడ్డాక రుద్దడానికి కష్టం, నీటిని కూడా కొంత పీలుస్తుంది. నీటిమట్టానికి పైభాగానికి సరిపోతుంది. ఎప్పుడూ నీటిలో నానే భాగానికి ఎపాక్సీ లప్పం మేలు. మోటారు కార్ల సొట్టలు పూడ్చే లప్పాన్ని తక్కువ ధరకు వస్తుందని బోటు అడుగుకు పెట్టడం మంచిది కాదు. అది నీటిలో వుండటానికి చేసిన సరుకు కాదు.

ఎపాక్సీ, పాలిస్టరు రెజిన్లకు వరస తప్పకూడదు. పాలిస్టరు గట్టిపడ్డాక గరుకు చేసి దాని మీద ఎపాక్సీ వేస్తే పట్టుకుంటుంది. ఎపాక్సీ మీద పాలిస్టరు వేస్తే సరిగా గట్టిపడక, పట్టు కుదరక వూడిపోయే ప్రమాదముంది. ఎపాక్సీ ఎండాక పైన జిగటగా ఒక పొర తేలవచ్చు. దాన్ని నీటితో కడిగిన తర్వాతే రుద్దాలి.

లప్పాన్ని ఒకేసారి మందంగా మెత్తరాదు. మందంగా పెడితే లోపల వేడెక్కి, కుంచించుకొని బీట వారుతుంది. పలుచగా రెండు మూడు విడతలు పెట్టాలి. వెడల్పాటి రేకుతో ఒత్తి లాగితే సూదిమొన రంధ్రాల్లోకి కూడా దిగుతుంది. ఆఖరున బయటపడిన పీచును, లప్పాన్ని కప్పుతూ ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు వేస్తే నీటికి తలుపు మూసినట్లు.

ఎండలో ఒక లెక్క, తేమలో ఒక లెక్క

రెజిన్‌కు మన రోహిణి కార్తె ఎండ పడదు. గిన్నెలో కలిపింది పూసేలోపే ముద్దకడుతుంది. తెల్లవారుజామున మొదలుపెట్టి పొద్దెక్కేలోపు లప్పం పని ముగించి, ఎండవేళ నీడలో రుద్దుకోవడం మేలు. కొద్దికొద్దిగా కలుపుకోవాలి. గట్టిపడే మందు పాలిస్టరుకు సాధారణంగా నూటికి ఒకటి, రెండు పాళ్లు. ఎండ ఎక్కువైతే తక్కువ పాలు సరిపోతుంది. కాని ఒక పాలు కన్న మరీ తగ్గిస్తే రెజిన్ ఎప్పటికీ సరిగా గట్టిపడదు. ఎపాక్సీ సంగతి వేరు. దాని రెండు భాగాల పాళ్లు డబ్బా మీద చెప్పినట్లే వుండాలి, ఎండను బట్టి మార్చరాదు.

జూన్ మొదటి వారానికి గాలిలో తేమ పెరుగుతుంది. గడువు దగ్గర పడిందని తొందరపడి చెమ్మగిల్లిన బోటు మీద రంగు వేయడం, పొద్దుగూకాక పూత వేసి మంచు మీద వదిలేయడం చాలాచోట్ల జరిగే పని. జూన్ 15న సముద్రంలోకి దించిన ఆ బోటు రంగు దసరాకు వుండదు. అరవై రోజుల్లో మొదటి నలభై రుద్దుడుకు, తరువాత పది రంగుకు, మిగిలినవి ఆరడానికి అని ముందే లెక్క వేసుకుంటే ఈ తొందర వుండదు.

రెండు సీసాలు కలిస్తే ముప్పు

పాలిస్టరు రెజిన్‌తో రెండు సీసాలు వస్తాయి. వూదారంగులో వుండేది కోబాల్టు, అది యాక్సిలరేటరు. నీళ్లలా వుండేది గట్టిపడే మందు. ఈ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి పోయరాదు. పోస్తే భగ్గుమని మండవచ్చు, పేలవచ్చు. ముందుగా కోబాల్టును రెజిన్‌లో బాగా కలిపి, పూసేముందు మాత్రమే రెండో మందు కలపాలి. ఆ మందు చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదముంది. వెంటనే ఆగకుండా మంచినీటితో చాలాసేపు కడిగి ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఈ సీసాలను పిల్లలకు అందేచోట, పొయ్యి వున్న వంటపాకలో వుంచరాదు. పనిచేసేచోట బీడీ వెలిగించరాదు.

దుమ్ము మాట అంతకన్న పెద్దది. గాజు పీచు ముక్కలు ఒంటికి తగిలితే దురద, దద్దు. అది కనబడే బాధ. రెజిన్, టాల్కు సన్నని దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు చెడతాయి. అది కనబడని బాధ. ముఖానికి తువ్వాలు కట్టుకుంటే ఆగేది పెద్ద దుమ్మే, సన్నదుమ్ము ఆగదు. సన్నదుమ్మును ఆపే మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. చివరి దఫాల్లో నీళ్లతో తడిపి రుద్దే కాగితం వాడితే దుమ్మే లేవదు. పని ముగిశాక ముందు చన్నీళ్లతో ఒళ్లు కడుక్కొని ఆపైన స్నానం చేయాలి. పని బట్టలను ఇంట్లోవారి బట్టలతో కలిపి వుతకరాదు. గాలి వాలున పిల్లలను కూర్చోబెట్టడం, భోజనం క్యారేజీ తెరవడం కూడదు.

రుద్దిన దుమ్మును, మిగిలిన రెజిన్‌ను పక్కనున్న పంటకాలువలోకో, ఏటిలోకో తోసివేయడం మరో చెడు అలవాటు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరంగి మడ అడవులు ఈ బోట్లు కట్టే వూళ్ల పక్కనే వున్నాయి. చేప పిల్లలు, రొయ్య పిల్లలు పెరిగేది ఆ మడల నీడలోనే. చేపలు పెరగాలని వేట ఆపిన రెండు నెలల్లో అదే నీటిలో విషం పోయడం తన కంచంలో తాను మన్ను పోసుకోవడమే. దుమ్మును గోనె పరచి వూడ్చి సంచికెత్తి, మిగిలిన రెజిన్‌ను గట్టిపడనిచ్చి వేరుగా పారవేయాలి.

ఎక్కడ ఆపాలి?

ఇంతా చెప్పాక, వేట బోటుకు అద్దం నునుపు కావాలా అంటే అక్కర్లేదు. ఇది పందెం పడవ కాదు. ఇసుక మీద లాగుతారు, వల బరువు రాపాడుతుంది, పక్క బోటు తగులుతుంది. నెమ్మదిగా సాగే వేట బోటుకు పక్కల మీద చిన్న అల వంటి ఒంపు మిగిలినా డీజిలు ఖర్చు లెక్కకు వచ్చేంతగా పెరగదు. పెరిగేది గరుకు వల్ల, అడుగున పట్టిన గుల్లల వల్ల. పాయల్లో, ఏటి మొగల్లో నెలల తరబడి నీటిలోనే వుండే బోటుకు గుల్ల పట్టని ప్రత్యేక రంగు అడుగున వేయడం మంచిది. రోజూ ఒడ్డుకు లాగే బోటుకు ఆ ఖర్చు అవసరం లేదు.

కనుక కొలత ఇది. పీచు ఎక్కడా కనబడరాదు. సూదిమొన రంధ్రం మిగలరాదు. బోలు చప్పుడు రారాదు. వేలితో రాస్తే తెల్లపొడి, జిడ్డు అంటరాదు. నీటిమట్టానికి దిగువ భాగం, అణియం, అడుగు దూలం వెంట మరింత శ్రద్ధ పెట్టాలి. ఈ నాలుగూ కుదిరాక ఇక రుద్దడం ఆపి ప్రైమరు పట్టవచ్చు. ఇంకా నునుపు కోసం రుద్దేకొద్దీ కూలీ, కాగితం, గోడ మందం మూడూ అరుగుతాయి.

శిక్షణ అవసరం

వేట నిషేధ కాలపు భృతిని ప్రభుత్వం 2019లో రు. 10 వేలకు, 2025లో రు. 20 వేలకు పెంచింది. అది ఇంటి గడుపుదలకు ఆసరా. రెండో ఏటికే బోటు పొరలు లేస్తే ఆ ఆసరా మరమ్మతుకే చాలదు. కాకినాడ జగన్నాథపురంలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ వుంది. ఏటా ఏప్రిల్ నెలలో తీర గ్రామాల్లోనే ఒకటి రెండు రోజులు లప్పం, రుద్దుడు, మందుల పాళ్లపై చేసి చూపించే శిక్షణ ఏర్పాటు చేయించి, సహకార సంఘాల ద్వారా మాస్కులు, కళ్లద్దాలు అందజేస్తే సొంతంగా బోట్లు చేసుకునే కుటుంబాలకు ఎంతో మేలు జరుగుతుంది. పోత పోసే మేస్త్రితో పాటు రుద్దే కూలీకి కూడా ఆ శిక్షణలో చోటు వుండాలి. బోటుకు ఆయువు పోసేది అతని చేతులే గనుక, అతని ఊపిరిని కాపాడే బాధ్యత బోటు యజమానులపైనా, అధికారులపైనా ఎంతైనా వుంది.